ఒక్కో బల్లకు ఒక్క బిళ్ల

మా ఆవిడ జీవితంలో ఒక్కసారి కూడా పేకాట ఆడలేదు. అయినా ఆవిడ పోయేనాటికి మా ఇంట్లో నూట నలభై నాలుగు పోకర్ చిప్పులున్నాయి. దేనికదే ఒంటరిది, ఏ రెండూ ఒక జత కావు. మేం వాటిని బిళ్లలనేవాళ్లం.

ఆవిడకు కుషన్ షాపు ఉండేది. సోఫాలు, కుర్చీలు, బస్సు సీట్లు అన్నీ కుట్టేవారు కానీ, ఆవిడ చేతికి పేరు తెచ్చింది మాత్రం పేకాట బల్లలే. క్లబ్బుల్లో, హోటళ్లలో, రేవులో ఆగే పడవల్లో ఆట బల్లల మీద పరిచే మందపాటి ఉన్ని గుడ్డ, బనాతు, నాలుగైదేళ్లకు అరిగిపోతుంది. సిగరెట్టు నిప్పు రాలి చిల్లులు పడతాయి. పాతది ఊడదీసి, కొత్తది మడత లేకుండా లాగి బిగించాలి. "వేలితో కొడితే డప్పులా మోగాలి" అనేది ఆవిడ. పని పూర్తయ్యాక, ఇచ్చే కూలి కాక ఆ బల్ల మీది బిళ్ల ఒకటి అడిగి తెచ్చుకునేది. కొత్తది ఇస్తే తీసుకునేది కాదు, బాగా అరిగింది కావాలి. రెండోది ఇస్తామన్నా వద్దనేది. ఒక్కో బల్లకు ఒక్క బిళ్ల, అంతే.

ఇంటికి తెచ్చి ఒక్కోదాన్నీ అరచేతి పాటి చదరపు బనాతు ముక్కలో మడిచి, మూడు బిస్కెట్ డబ్బాల్లో నిలువుగా, ఒకదాన్నొకటి ఒరుసుకునేలా పేర్చేది. డబ్బాలు బీరువా మీద ఉండేవి. గుడ్డ ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. గీతలు పడకుండా కాబోలు అనుకున్నాను. నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను అడగని ప్రశ్నల్లో అదొకటి.

నేను కాలేజీలో భూగర్భశాస్త్ర విభాగం వారి నమూనాల గది చూసేవాణ్ణి. రాళ్లు, ఖనిజాలు, శిలాజాలు. వాటి దుమ్ము దులపడం, చీటీలు రాయడం, సొరుగుల్లో సర్దడం ముప్పై ఒక్కేళ్లు చేశాను. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజున ఒకటే మాట చెప్పేవాణ్ణి. "రాయి పగిలినా ఫరవాలేదు, చీటీ పారేయకండి. చీటీ పోయిన రాయి వట్టి రాయే." ఈ మాట ఇంట్లో కూడా సందర్భం ఉన్నా లేకున్నా అనేవాణ్ణట. మా ఆవిడ నవ్వి ఊరుకునేది.

మా మరదల్ని, అంటే ఆవిడ చెల్లెల్ని, ఇంట్లో అందరం చీల అంటాం. అక్క దగ్గర పని నేర్చుకునే రోజుల్లో నోటినిండా సన్నటి చీలలు పెట్టుకుని, ఒక్కొక్కటే పెదాల మధ్యనుంచి లాగి కొడుతూ, మిగతా చీలల సందుల్లోంచే అందరితో పోట్లాడేది. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు. అక్క పోయిన ఈ మూడేళ్లూ షాపు తనే నడుపుతోంది. అది ఇప్పుడు పక్క వీధిలో పెద్ద గదికి మారుతోంది. బుధవారం తెరవాలి. గుమ్మానికి ఎదురు గోడ మీద ఏం ఉండాలో ముందే అనుకుని నాకు ఫోన్ చేసింది.

"ఫొటో వద్దు బావా. ఏ ఫొటోలో చూసినా అక్క కోపమొచ్చిన హెడ్‌మిస్ట్రెస్‌లా ఉంటుంది. దాని కింద కూర్చుని నేను సోఫా బేరాలాడలేను. బిళ్లలు పెడదాం. ఒక్కోదాని కింద ఏ బల్లదో చీటీ రాస్తా. వచ్చినవాళ్లకి తెలియాలి, మా అక్క ఎన్ని బల్లలు బిగించిందో."

"మంచి మాట" అన్నాను.

"అద్దాల పెట్టెకి వడ్రంగితో మాట్లాడేశా. ఆదివారం వస్తా, ఇద్దరం కూర్చుని సర్దుదాం. మీరు డబ్బాలు దించి ఉంచండి, చాలు."

డబ్బాలు దించి ఉంచడం దగ్గర నేను ఆగి ఉంటే ఈ కథే లేదు.

గురువారం పొద్దున డబ్బాలు దించాను. మూత తీస్తే ఉన్ని వాసన, కొంచెం కర్పూరం వాసన వచ్చాయి. ఒకటి విప్పి చూశాను. గుడ్డకు చిన్న చిల్లు. ఇంకొకటి విప్పాను, దానికీ ఉంది. పురుగు పట్టింది. నాలోని నమూనాల గది మనిషి లేచి కూర్చున్నాడు. ఉన్ని తేమ పీలుస్తుంది, పురుగును పిలుస్తుంది, రంగు దిగితే బిళ్లకు అంటుకుంటుంది. ఇన్నేళ్లు వీటిని ఇలా ఎలా వదిలేశాను అని నన్ను నేనే తిట్టుకుని, బజారుకు వెళ్లి నాణేలు దాచుకునేవాళ్లు వాడే గట్టి ప్లాస్టిక్ డిబ్బీలు నూట యాభై తెచ్చాను. షాపతను మెత్తటి కవర్లు చవకన్నాడు. వద్దన్నాను. అవి కొన్నేళ్లకు చెమర్చి బిళ్లకు జిగురులా పట్టుకుంటాయి.

ఆ రోజంతా ఆ పనే. ఒక్కో బిళ్లనూ విప్పి, పొడి కుంచెతో దులిపి, డిబ్బీలో వేసి మూత నొక్కాను. నీళ్లు తగలనివ్వలేదు. ఆ బిళ్లల మీది మరక కూడా వాటి వయసే. ఎర్రవి, నీలం అంచువి, మధ్యలో ఓడ బొమ్మ ఉన్నవి, అంకె తప్ప మరేమీ లేనివి. మూడేళ్లలో అంత సంతోషంగా గడిచిన రోజు నాకు లేదు. విప్పిన గుడ్డలన్నీ పాత దిండు గలీబులో కుక్కి పక్కన పెట్టాను.

సాయంత్రం వడ్రంగి కొలతలతో వచ్చాడు. మంచి పనివాడు. మాట కొంచెం ఎక్కువ, వేగం కొంచెం తక్కువ.

"మాస్టారూ, పన్నెండు వరసలు, వరసకి పన్నెండు గుంటలు. మీ మరదలుగారు చదరంగా కొయ్యమన్నారు."

"గుండ్రటి బిళ్లకి చదరపు గుంట ఎందుకయ్యా? గుండ్రంగానే కొయ్యి."

"నాకూ అదే అనిపించింది. కానీ ఆవిడతో వాదిస్తే సుత్తి నా చేతిలో ఉన్నా దెబ్బ నాకే తగులుతుంది."

"నేను చెప్పానని చెప్పు."

"మీ పూచీ మీద కోస్తా మాస్టారూ" అని వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే చీల ఫోన్.

"బావా, డబ్బాలు దించారా?"

"దించాను."

"తెరవకండి. నేను వచ్చాకే తెరుద్దాం. గుడ్డలు తారుమారైతే నా తాతలు దిగొచ్చినా చెప్పలేరు."

"గుడ్డలా?"

"అదేంటి, తెలియనట్టు? ఏ బల్లకి వేసిన బనాతులోంచి ఆ ముక్కే కదా అక్క చుట్టేది! సగానికి పైగా బిళ్లల మీద ఊరూ పేరూ ఉండదు, ఉత్త అంకె. గుడ్డ చేతికిస్తే నేను బల్ల చెప్పేస్తా. గుడ్డే కదా దాని చీటీ."

నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

"బావా, ఉన్నారా?"

"ఉన్నాను."

"ఆదివారం పదింటికల్లా వస్తా. మీరేం వండకండి, నేనే తెస్తా. మీ వంట తిన్న రోజు నాకు పని సాగదు."

ఫోన్ పెట్టేశాక గలీబు వంక చూశాను. నూట నలభై నాలుగు గుడ్డలు అందులో నలిగి ఉన్నాయి. బల్ల మీద నూట నలభై నాలుగు బిళ్లలు డిబ్బీల్లో తళతళలాడుతున్నాయి. ముప్పై ఒక్కేళ్లు చేయొద్దని ఊరందరికీ చెప్పిన తప్పును, ఇంట్లో, ఒక్క రోజులో, ఎంతో శ్రద్ధగా చేశాను. ఆవిడ పనిచేసిన ప్రతి గదికీ మిగిలిన ఆనవాలు అదొక్కటే. లెక్కపుస్తకం లేదు, పేర్ల జాబితా లేదు. ఆదివారం లోపు వాటిని మళ్లీ కలపలేకపోతే, చీల గోడ మీద ఉండేవి అందమైన వట్టి బిళ్లలు.

ముందు వడ్రంగికి ఫోన్ చేశాను. "గుంటలు కోసేశావా?"

"ఎక్కడ మాస్టారూ, ఇంకా చెక్కే చిత్రిక పట్టలేదు."

అతని బద్ధకానికి నేను మనసులో దండం పెట్టుకున్నాను. "చదరంగానే కొయ్యి, గుడ్డ కూడా పరవాలి" అన్నాను.

"చూశారా, ఆవిడ మాటే నెగ్గింది" అన్నాడు. ఆ సాయంత్రం చెక్క నమూనా చూపించడానికి వచ్చి, నా మొహం చూసి విషయం లాగాడు. మొత్తం విని మీసం గోక్కున్నాడు.

"పేరున్నవి ఎన్ని?"

"యాభై ఎనిమిది. అవి చీల చెప్పగలదు."

"మిగతావాటికి దేనికో ఒకదానికి ఏదో ఒకటి చుట్టేయండి. ఎవరికి తెలుస్తుంది? పోయినావిడ వచ్చి అడుగుతారా?"

"అడగదు. అదే కదా ఇబ్బంది" అన్నాను.

అతను చెక్క ముక్క చంకన పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "అడిగేవాళ్లుంటేనే నయం మాస్టారూ. ఏదో ఒకటి అబద్ధమాడి గట్టెక్కచ్చు" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ ఆలోచన నాకూ వచ్చింది. శనివారం పొద్దున ఒక ఎర్ర బిళ్ల తీసుకుని, చేతికందిన గుడ్డలో పెట్టి మడిచి చూశాను. ఎవరూ గుర్తుపట్టరు. కానీ మళ్లీ విప్పినప్పుడు, తూర్పు కిటికీలోంచి వాలుగా పడిన ఎండలో, ఆ గుడ్డ మీద ఏదో కనిపించింది. ఒక గుండ్రటి వలయం. నూగు అణిగిపోయి, గిన్నె అడుగు ఆనిన గుర్తులా ఉంది. నేను పెట్టిన ఎర్ర బిళ్ల దానికన్నా చిన్నది.

ఏళ్ల తరబడి డబ్బాలో ఒరుసుకుని ఉండటం వల్ల ప్రతి బిళ్లా తన గుడ్డ మీద ముద్ర వేసుకుంది. కొన్ని వలయాలు పెద్దవి, కొన్ని చిన్నవి. కొన్నిటి అంచు నున్నగా ఉంది, కొన్నిటిది రంపం పళ్లలా ఉంది. కొన్నిచోట్ల బిళ్ల అంచు రంగు పుప్పొడిలా అంటుకుని ఉంది. పురుగు పట్టిన గుడ్డలని చీదరించుకున్నానే, అవే నా తప్పును దిద్దడానికి సిద్ధంగా ఉన్నాయి.

భోజనాల బల్లను కిటికీ దగ్గరికి లాగాను. కొలబద్ద, భూతద్దం తెచ్చుకున్నాను. బిళ్లలన్నిటినీ డిబ్బీల్లోంచి మళ్లీ బయటికి తీశాను. ముందు పరిమాణం, తర్వాత అంచు, తర్వాత రంగు. ఒక్కోటి కుదిరినప్పుడు బిళ్ల ఆ వలయంలో గుంటలోకి దిగినట్టు దిగేది. ఎండ నిటారుగా అయ్యేసరికి వలయాలు మాయమయ్యాయి. టార్చితో చూశాను, ట్యూబులైటు కింద చూశాను. లాభం లేదు, పొద్దుటి వాలు ఎండే కావాలి. అప్పటికి డెబ్బై దాకా తేలాయి. కానీ ఒక చిక్కు వచ్చింది. పద్నాలుగు గుడ్డల మీద రెండేసి వలయాలున్నాయి. ఒకటి లోతుగా, ఒకటి తేలిగ్గా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి. ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. వాటిని వేరుగా పెట్టాను.

ఆదివారం ఎండ పడగానే మళ్లీ కూర్చున్నాను. పదింటికి వస్తానన్న మనిషి తొమ్మిది కాకముందే వచ్చింది. తలుపు తీసే ఉంది. చెప్పులు విడుస్తూ, "మీ తోడల్లుడికి దారిలో పనుందట, ముందే దింపేశారు బావా. టీ పెట్టారా?" అంటూ లోపలికి వచ్చింది. నేను లేచి బల్లకు అడ్డంగా నిలబడ్డాను. అంత పెద్ద బల్లకు ఈ వయసులో నేనేం అడ్డం?

చీల నా భుజం మీదుగా చూసింది. చేతిలోని గిన్నె మెల్లిగా కింద పెట్టింది.

"నేనే విప్పాను" అన్నాను. "గురువారమే. గుడ్డ సంగతి నాకు తెలియదు. పురుగు పడుతుందని అన్నీ విప్పేసి గలీబులో వేశాను. నువ్వు ఫోన్ చేసేటప్పటికే అయిపోయింది. చెప్పడానికి ధైర్యం చాలలేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బల్ల మీంచి ఒక గుడ్డ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గలీబులోనా?" అంది.

"ఉతికిందే."

"ఉతికిందట!" అంది. అప్పుడు మొదలుపెట్టింది. "ఎవరు చెయ్యమన్నారు బావా? నేను చెప్పింది డబ్బాలు దించమని. దించమంటే దించడం రాదా? చదువుకున్నవాళ్లకి ఒక పని చెప్తే నాలుగు చేస్తారు, నాలుగూ మనం మళ్లీ విప్పాలి. రాళ్లని చూసుకున్నారు కదా ముప్పై ఏళ్లు, రాళ్లు నోరెత్తవు కాబట్టి సరిపోయింది!"

నేను తల ఊపాను. నిజమే.

చీల గుడ్డను అరచేతిలో పరిచి, రెండు వేళ్లతో నిమిరింది. గొంతు తగ్గింది. "మడత అక్కది బావా. ఈ మూల ఇలా లోపలికి తిప్పి, ఇక్కడ నొక్కేది. బిళ్లలు ఎలాగో కలుపుకుంటాం. ఆ మడతలు ఇంక రావు."

ఈ మాట నాకు అంతవరకూ తట్టలేదు. విప్పేటప్పుడు నా కళ్లు బిళ్లల మీదే ఉన్నాయి. నూట నలభై నాలుగు సార్లు ఆవిడ చేతి మడతను విప్పి, ఒక్కదాన్నీ చూడలేదు. కిటికీ వైపు చూశాను.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని కుర్చీ లాక్కుంది. "ఎండ ఉండగానే కానివ్వండి. ఎన్ని అయ్యాయి?"

"ఎండ సంగతి నీకెలా తెలుసు?"

"నూగు గుడ్డని వాలు వెలుతురులో చూడాలని మీ కాలేజీలో చెప్పలేదా? నాకు అక్క మొదటి రోజే చెప్పింది, వీపు మీద ఒకటేసి మరీ."

ఆ తర్వాత పని నీళ్లలా సాగింది. నేను వలయం కొలిచి చెప్తే, ఆమె కళ్లు మూసుకుని గుడ్డ నిమిరి బల్ల చెప్పేది. "ఇది పడవది. తడి తగులుతుందని మందంది వేశాం. ఆ పడవలో అక్కకి వాంతులు, అయినా మధ్యలో వదల్లేదు." "ఇది స్టేషను ఎదురు హోటల్. వాళ్ల మేనేజరు ఎర్ర బనాతు వేయమని పట్టు, ఎర్ర గుడ్డ మీద ఎర్ర ముక్కలు కనిపించవయ్యా అంటే వినడే. నెల తిరక్కుండా మళ్లీ పిలిచాడు." "ఇది డాక్టర్ల క్లబ్బు. బల్ల అడుగున ఎవరో పళ్ల సెట్టు మరిచిపోయారు. ఇప్పటికీ ఎవరిదో తెలియదు." చెప్తూ చెప్తూ చీటీ రాసేది. నా బిళ్లలు ఒక్కొక్కటే మళ్లీ ఒక గదికి, ఒక రోజుకు, ఒక మనిషి పిచ్చికి చేరుకుంటున్నాయి.

పద్నాలుగు గుడ్డల కట్ట దగ్గరికి వచ్చాం.

"వీటి సంగతే తెలియడం లేదు" అన్నాను. "రెండేసి ముద్రలున్నాయి. ఒకే గుడ్డలో ముందు ఒక బిళ్ల చాలా ఏళ్లు ఉండి, తర్వాత ఇంకొకటి ఉన్నట్టు. మీ అక్క అలా ఎందుకు మారుస్తుంది?"

చీల ఒక గుడ్డను ఎండలో అటూ ఇటూ వంచి చూసింది. చూసి, పెదవి కొరుక్కుంది. నవ్వాపుకుంటోందని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

"చెప్పొద్దంది" అంది.

"ఎవరు?"

"ఇంకెవరు? అక్క. 'మీ బావకి మాత్రం చెప్పకే' అంది."

"ఇప్పుడు చెప్తే ఏమైంది?"

ఆమె గుడ్డను బల్ల మీద పరిచింది. "తొమ్మిదేళ్లయిందేమో. ముసలి క్లబ్బు మేనేజరొకాయన, మొదట్లో అక్కకి పని ఇచ్చినాయన, షాపుకి వచ్చాడు. బిళ్లలు చూస్తానన్నాడు. అక్క సంబరపడి ఇంటి నుంచి ఒక డబ్బా తెచ్చి, గుడ్డల మీదే పరిచి చూపించింది. నన్ను ఊళ్లోకి పంపి, తను టీ చెప్పడానికి బయటికి వెళ్లింది. రెండు నిమిషాలు. ఆయన పాపం యాభై ఏళ్లు పేకాట బల్ల దగ్గర బతికినవాడు. ఎదురుగా బిళ్లలు కనిపిస్తే చేతులు ఊరుకుంటాయా? అక్క వచ్చేసరికి అన్నిటినీ ఏరి, రంగుల వారీగా దొంతులు పెట్టేసి, దొంతితో దొంతి కలిపి టకటకా ఆడిస్తూ కూర్చున్నాడు!"

నేను నోరు తెరిచి విన్నాను.

"ఆయన్ని ఏమంటాం? 'చాలా బాగున్నాయమ్మా' అని టీ తాగి వెళ్లాడు. నేను తిరిగొచ్చాక పేర్లున్నవి వెంటనే సర్దేశాం. లేనివి పద్నాలుగో పదిహేనో మిగిలాయి. అక్క సాయంత్రం దాకా కూర్చుంది. మా పాత గదిలో ఎండ ఎక్కడిది, ట్యూబులైటే కదా. ఇంట్లో విప్పితే మీ కంట పడుతుందని భయం. చివరికి చూసి చూసి, తోచినట్టు చుట్టేసింది. కళ్లు ఎర్రబడిపోయాయి."

"నాకు చెప్పొద్దని ఎందుకంది?"

"మీరేమంటారో ఆవిడకి తెలుసు కాబట్టి. 'చీటీ పోయిన రాయి వట్టి రాయే అని మీ బావ నాకు పాఠం చెప్తారే. అసలు గుడ్డ చుట్టడం మొదలుపెట్టిందే ఆయన మాట విని. ఇప్పుడు నేనే పోగొట్టానంటే ఎలా?' అంది."

నేను భూతద్దం బల్ల మీద పెట్టేశాను. చీల నన్ను కదిలించలేదు. లేచి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. ఆ పదిహేను నిమిషాలు నన్ను ఒంటరిగా వదిలినందుకు ఆమెకు ఎన్నటికీ రుణం తీర్చుకోలేను.

నా మాట విని మొదలుపెట్టిందట. నవ్వి ఊరుకుందనుకున్న మాటను ఆవిడ ఇంటికి తెచ్చిన ప్రతి బిళ్లకూ చుట్టింది. నాకు ఒక్కసారీ చెప్పలేదు. చెప్పి ఉంటే నేనేం చేసేవాణ్ణి? నిజాయితీగా ఆలోచించాను. పాఠమే చెప్పేవాణ్ణి. ముందు పాఠం, తర్వాత ఓదార్పు. కళ్లు ఎర్రబడ్డ ఆ సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు, దుమ్ము పడిందని చెప్పి ఉంటుంది. నేను నమ్మి ఉంటాను.

"మరి ఏది పెడదాం?" అంది చీల, టీ గ్లాసు నా ముందు పెట్టి. "అక్క తోచినట్టు పెట్టిన బిళ్లా? లోతు ముద్ర ఉన్న అసలు బిళ్లా? అక్క చేత్తో పెట్టింది అలాగే ఉంచాలని నాకుంది."

నాకూ ఉంది. పైకి తేలిగ్గా ఉన్న ముద్ర ఆవిడ చివరిసారి పెట్టింది. దాన్ని తీసేస్తే ఆవిడ చేతిని తీసేసినట్టే.

"సాయంత్రం దాకా ఎందుకు కూర్చుంది?" అని అడిగాను.

"సరిగ్గా పెట్టాలని."

"ఎండ దొరక్క ఆగిపోయింది."

చీల కిటికీ వంక చూసింది. వెలుతురు ఇంకా బల్ల అంచు మీద ఉంది. "అయితే తొందరగా రండి" అంది.

లోతు ముద్రలు చూసుకుంటూ వెళ్లాం. ముదురు నీలానిది రంపం అంచు, దాని గుడ్డ తేలిగ్గా దొరికింది. పసుపుది పెద్దది. నల్లదానికి అంచు ఒకచోట విరిగింది, గుడ్డ మీద వలయం కూడా అక్కడే తెగింది. అది కుదిరినప్పుడు చీల "హమ్మయ్య అక్కా" అని బిళ్లతోనే అంది. పది బిళ్లల్ని వాటి చోట్ల పెట్టాం. మిగిలిన నాలుగూ ఒకే కొలత, ఒకే నున్నటి అంచు. గుడ్డలు నాలుగూ ఒకలాగే పచ్చవి. ఏ ముద్ర ఏ బిళ్లదో భూతద్దం కూడా చెప్పలేదు. ఎండ కిటికీ గడప దిగి వెళ్లిపోయింది.

"వీటికి చీటీ ఏం రాద్దాం?" అంది.

'తెలియదు' అని రాయాలి, అది మా నమూనాల గది పద్ధతి. కానీ ఆ మాట నోటికి రాలేదు. "చీటీ వద్దు" అన్నాను.

"ఎవరైనా అడిగితే?"

"నువ్వే చెప్పు."

"అడిగినవాడి మొహం చూసి చెప్తా. మంచివాడైతే పడవ, బేరమాడేవాడైతే పళ్ల సెట్టు." నాలుగు గుడ్డలూ నా ముందుకు జరిపింది. "ఇవి మీరే పెట్టండి. కొలబద్ద తీసెయ్యండి. అక్క ఎలా చేసిందో తెలుసా? బిళ్ల పెట్టి, తల ఓ పక్కకి వంచి చూసేది. బాగుంటే వదిలేసేది."

కొలబద్ద సొరుగులో పెట్టేశాను. ఎరుపు, తెలుపు, నారింజ ఒక్కొక్కటిగా గుడ్డల మీద పెట్టాను. చివరికి ఊదారంగుది మిగిలింది. దాన్ని మిగిలిన గుడ్డ మధ్యలో పెట్టి, ముందే ఆలోచించకుండా తల ఓ పక్కకి వంచి చూశాను.

"కొంచెం కిందికి" అంది చీల.

జరిపాను. బాగుంది.